పొజ్జే కట్టిన ఈగ

శ్రీరంగం ఆ రోజు అబద్ధమాడడానికి పెద్దగా కష్టపడలేదు. గొంతు వణకలేదు, చూపు దించుకోలేదు. ఇప్పచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని, పక్కనున్న జంగల్ రేంజి సాయెబుకు, అడవి మీది సర్కారు అధికారికి, తన ఆకువక్కల పెట్టె అందిస్తూ, "నాకేం తెలుసు? నేను ఉప్పు, బెల్లం అమ్ముకునేటోణ్ని" అన్నాడు. ఎదురుగా నేల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న పొజ్జే, సరిగా వినపడలేదేమో అన్నట్టు తల కొంచెం పక్కకు వంచింది. తర్వాత ఆమెను ఏటి ఒడ్డుకు లాక్కెళ్లారు.

ఆ మాటతో ఒక ఆడమనిషి ఊరు పోయింది, మొగుడు పోయాడు, ముందు పళ్లు పోయాయి. శ్రీరంగానికి మాత్రం వక్క ముక్క కూడా పోలేదు. రేంజి సాయెబు తీసుకోనన్నాడు.

బస్తర్ రాజ్యానికి దక్షిణపు కొస కోంటా. అక్కడ శబరి ఒడ్డున శ్రీరంగం కొట్టు. అతని పడుచుతనంలో రోడ్డు వేయించడానికి వచ్చిన ఒక దొర ఎండాకాలమంతా అక్కడ డేరా వేసుకున్నాడు. పొద్దున పని చూసుకునేవాడు, సాయంత్రం చేపలు పట్టేవాడు. వానపాముతో కాదు, మరే ఎరతో కాదు. గాలం ముల్లు మీద ఈకలు, వెంట్రుకలు పట్టుదారంతో చుట్టి పురుగులా తయారుచేసేవాడు. దాన్ని నీటి మీదకి విసిరితే, బతికున్న పురుగనుకుని చేప మింగేది. దొర దాన్ని ఈగ అనేవాడు. ఎర వేసి పట్టేది కూలివాడు, ఈగ వేసి పట్టేది పెద్దమనిషి అని కూడా అనేవాడు. శ్రీరంగానికి ఆ మాట బాగా పట్టింది. పొద్దస్తమానం చింతపండు తూచేవాడికి దొర కావడానికి అంతకంటే దగ్గరి దారి దొరకదు. దొర వెళ్లిపోతూ, ముల్లును పట్టి ఉంచే చిన్న ఇనప బిగింపునీ, ఒక డబ్బా గాలాలనీ, తన పిచ్చినీ అతనికి వదిలి వెళ్లాడు.

చేప తినని ఇంట్లో ఆ పిచ్చి పెరిగింది. శ్రీరంగం భార్య సుశీలమ్మ చేపను గడప దాటనిచ్చేది కాదు గానీ ఈకలకు రంగులు మాత్రం ఆమే అద్దేది. మోదుగపూలు ఉడికించి నారింజ రంగు, పసుపుతో పసుపు, నీలిమందుతో నీలం. కూతురు కమలాకుమారి కట్టిన ఈగలను దూదిలో పెట్టి అగ్గిపెట్టెల్లో సర్దేది. మొదట్లో జగదల్‌పూర్‌లో ఉన్న దొరలకు ఊరికే పంచారు. తర్వాత మద్రాసులో ఉన్న దొరలు అడిగి తెప్పించుకోసాగారు. సరదా మెల్లగా సరుకైంది.

అసలు సరుకు ఈగలు కూడా కాదు, అడవికోడి మెడలు. బూడిదరంగు పుంజు మెడ ఈకల చివర, మైనం చుక్క వేసినట్టు పసుపు మచ్చ ఉంటుంది. ఆ మచ్చ ఈక లేని ఈగను సీమదొర ఈగ అనడు. పిట్టల ఈకలు ఓడ ఎక్కించరాదని ఇంగ్లీషు సర్కారే చట్టం చేసింది, ఇంగ్లీషు దొరలే వాటిని కోరి కొన్నారు. శ్రీరంగం ఆ మెడల తోళ్లను చింతపండు బుట్టల అడుగున పరిచి, పడవల మీద కూనవరం మీదుగా కిందికి దాటించేవాడు. ఎవరైనా అడిగితే పైనున్న అగ్గిపెట్టెలు తెరిచి ఈగలు చూపించేవాడు. "ఇంటిల్లిపాది సరదా సాయెబూ, యాపారం గాదు" అని నవ్వేవాడు.

ఆ మెడలు తెచ్చేది మాసా. ఎర్రబోరు ఊరికి ఆవల ఏటి గట్టునున్న గూడెంవాడు, దొర్ల తెగవాడు. అతని దగ్గర ఒక దీమపు కోడి ఉండేది. గుడ్డుగా ఉన్నప్పుడే అడవి నుంచి తెచ్చి, పెంపుడు పెట్ట కింద పొదిగించి, చేత్తో మేపి పెంచిన అడవిపుంజు. దాని కాలికి తాడు కట్టి, చుట్టూ ఉచ్చులు పాతి, పొదలో వదిలేస్తే అది కూస్తుంది. తన చోటికి ఎవరొచ్చారా అని అడవిలోని పుంజు కొట్లాటకు వచ్చి ఉచ్చులో పడుతుంది. తనవాళ్లను తానే పిలిచి చంపించే ఆ పుంజుకు మాసా మెతుకులు పెట్టి, ముక్కు నిమిరేవాడు.

పొజ్జే మాసా పెళ్లాం. పిల్లలు లేరు. మొగుడితో కలిసి కొట్టుకు వచ్చినప్పుడు అరుగు చివర కూర్చుని, శ్రీరంగం ఈగలు కట్టడం చూసేది. పూసల దండలు గుచ్చిన వేళ్లు ఆమెవి.

"ఏందే అట్ల చూస్తన్నవ్? నువ్వు గూడ కడ్తవా?" అన్నాడు శ్రీరంగం ఒకనాడు ఎకసెక్కంగా.

"కడ్తే తిడ్తవా?"

"చెడగొడ్తే తిడ్త."

"నువ్వు చెడగొట్టినయి ఆడ కుప్పేసినవ్ గద, వాటిలో కల్పెయ్యి సావుకారీ" అంది పొజ్జే.

లోపల రంగు కలుపుతున్న సుశీలమ్మ ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు ఉడుక్కుని శ్రీరంగం బిగింపు ఆమె ముందుకు తోశాడు. పట్టుదారం కొసను పొజ్జే ముందు పళ్ల మధ్య పట్టి బిగలాగింది. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. ఒక చేత్తో ఈక తిప్పుతూ, మరో చేత్తో నొక్కుతూ, ముడి దగ్గరికి వచ్చేసరికి పళ్లతోనే పుటుక్కున కొరికింది. ఆ వర్షాకాలం నుంచి కొట్లోని ఈగల్లో సగానికి పైగా ఆమె కట్టినవే. గూడెంలో ఎవరికీ ఇది పెద్ద విషయం కాదు. పొజ్జే కొట్టులో ఏదో పూసల పని చేస్తోంది అనుకున్నారు. ఆమె కూడా విడమర్చి చెప్పలేదు. చేపను చేత్తోనూ, బుట్టతోనూ, నాటు మందుతోనూ పట్టే మనుషులకు, అంత పొద్దుపోగొట్టి పురుగు బొమ్మ చేసి చేపకు చూపిస్తారని చెబితే నవ్వుతారు. నవ్వితే బాగుండేది.

మాసా వాళ్ల అన్న పెళ్లాం ఆయతి. ఆమె కూతురు హిడ్మే. పొజ్జే ఒడిలోనే ఆ పిల్ల పెరిగింది. ఆయతి ఇప్పపువ్వు ఏరడానికి పోతే, పేలు చూసేది, నీళ్లు పోసేది, నిద్రపుచ్చేది పొజ్జేనే. పిల్ల జుట్టు మెత్తగా, కొసల్లో రాగి రంగులో ఉండేది. తిండి చాలని పిల్లల జుట్టు ఆ రంగుకు తిరుగుతుందని వైద్యం పుస్తకాల్లో రాసి ఉంది. గూడెంలో ఆ పుస్తకాలు లేవు, తిండీ లేదు. ఎండ తగిలి అలా అయిందనేవారు.

ఆ ఏడు మద్రాసు దొర ఒకడు కొత్తరకం ఈగ కావాలన్నాడు. తోక సన్నగా, రాగి రంగులో, నీటిలో ప్రాణమున్నట్టు కదలాలి. ఎలుగు వెంట్రుక బిరుసు. మేక వెంట్రుక నీళ్లు తాగి ముద్దవుతుంది. కుక్కది తెచ్చి చూశారు, కుదరలేదు.

"చంటిపిల్ల జుట్టయితే సరిగ్గ కుదురుతది" అన్నాడు శ్రీరంగం. "మీ గూడెంలో ఎర్రజుట్టు పిల్లలు శానామంది ఉంటరు గద. దువ్వినప్పుడు ఊడింది తే. నువ్వేం కోసి తేనక్కర్లే."

పొజ్జే చేతిలో దారం ఆగింది. దొర్లవాళ్ల ఇళ్లలో ఊడిన వెంట్రుకను గాలికి వదలరు. వేలికి చుట్టి, ఉమ్మి, ఇంటి కప్పులో గడ్డి మధ్య దోపుతారు. ఒకరి వెంట్రుక మరొకరి చేతిలో పడితే ఆ మనిషి ప్రాణం ఆ చేతిలో పడ్డట్టే. ఈ సంగతి శ్రీరంగానికి తెలియదా? తాతల నాటి నుంచి దొర్లవాళ్లకు ఉప్పు అమ్మినవాళ్లకు తెలియకుండా ఎలా ఉంటుంది?

"ఏడికి పోతది ఈ ఈగ?" అని అడిగింది.

"సముద్రం దాటి పోతది. దొరల ఏర్లల్ల ఏస్తరు. మన నీళ్లకు తగల్దు."

సముద్రం ఎంత దూరమో ఆమెకు తెలియదు. శబరి కంటే వెడల్పు అని విన్నది. అంత దూరం పోయేదాన్ని ఇక్కడి గాలి వెతికి పట్టుకోలేదు అనుకుంది. అదే ఆమె చేసిన తప్పు. ఆ వారం హిడ్మే తల దువ్వినప్పుడు ఊడిన వెంట్రుకలను వేలికి చుట్టింది, ఉమ్మింది, కప్పులో దోపలేదు. కొంగులో ముడేసుకుంది.

ఆ ఈగ చాలా అందంగా కుదిరింది. ఎర్ర పట్టుదారం ఒళ్లు, పసుపు మచ్చ ఈక రెక్కలు, వెనక రాగి తోక. శ్రీరంగానికి దాన్ని పెట్టెలో పెట్టబుద్ధి కాలేదు. మద్రాసుకు పంపే ముందు ఒకసారి విసిరి చూడాలనిపించింది. తన గాలపు కర్ర పట్టుకుని గూడెం పైనున్న మడుగుకే పోయాడు, ఎందుకంటే పెద్ద చేప అక్కడే ఉంటుంది. మూరెడు పొడుగున్న పొలుసుల చేప, దొరలు మహసీర్ అనేది, ఆ ఈగను అందుకుంది. నేల మీదికి లాగేలోగా రాయికి రాసుకుని దారం తెగింది. శ్రీరంగం ఆ చేప గురించి ఇంటికొచ్చి చాలాసేపు చెప్పాడు. ఈగ గురించి పొజ్జేకు చెప్పలేదు.

తొలకరికి జ్వరాలు వచ్చాయి. హిడ్మే ఒళ్లు కాలిపోయింది. గూడెం పూజారి వడ్డె వచ్చి సోది చూశాడు, కోడిని కోశాడు, కల్లు పోశాడు. పొజ్జే పిల్లను ఒడిలోంచి దించలేదు. చివరికి ఆ ఒడిలోనే పోయింది. ఆయతి కంటే ఎక్కువ ఏడ్చిందని అప్పుడు అందరూ అన్నారు. తర్వాత అదే మాటను ఇంకోలా అన్నారు.

నీళ్లు తగ్గాక గూడెంవాళ్లు మడుగుకు అడ్డంగా వెదురు బుట్టలు పెట్టారు. పెద్ద చేప పడింది. పంచుకోగా తల ఆయతి వాటాకు వచ్చింది. వాకిట్లో కూర్చుని దాన్ని కోస్తుంటే కత్తికి ఇనుము తగిలింది. పెదవి లోపల దిగిన ముల్లు. దాని చుట్టూ ఎర్రదారం, దారంలో కోడి ఈకలు, వెనక రాగి రంగు వెంట్రుకలు. ఆయతి కత్తి పక్కన పెట్టింది. ఆ వెంట్రుకలను రెండు వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు నిమిరింది. పోయిన పిల్ల జుట్టును తల్లి గుర్తుపట్టకుండా ఉండదు.

ఇనుము, నెత్తుటిరంగు దారం, కోడి ఈక, పిల్ల వెంట్రుక, అన్నీ ముడేసి నీళ్లలో వదిలారు. చిల్లంగి అనే చేతబడి ఇంకెలా ఉంటుంది? పుస్తకాలు చదివినవాళ్లు నవ్వొచ్చు. ఆ గూడెంలో పుట్టి, ఆ పిల్లను పాతిపెట్టి, ఆ చేప తలను కోసినవాళ్లు ఇంకెలా అనుకోగలరో చెప్పగలిగితేనే నవ్వాలి.

గూడెమంతా ఇప్పచెట్టు కింద పంచాయితీకి కూర్చున్నారు. వడ్డె ఆ ఈగను మోదుగాకులో పెట్టి పట్టుకున్నాడు. శ్రీరంగం ఎడ్లబండి మీద వచ్చాడు, ఆ ప్రాంతమంతా అతనికి పెద్దమనిషి మర్యాద ఉంది. అదే బండిలో రేంజి సాయెబు కూడా వచ్చాడు. కూనవరంలో ఎవరిదో చింతపండు బుట్టలో అడవికోడి మెడలు దొరికాయట, అందుకని కోంటా కొట్లన్నీ చూసిపోదామని వచ్చినవాడు, పంచాయితీ ఉందంటే సరదాగా బండెక్కాడు. శ్రీరంగం పాకలో ఆ రోజు పడవకు ఎక్కాల్సిన, అడుగున మెడలు పరిచిన బుట్టలు వరుసగా ఉన్నాయి.

"ఇదెవల చేతిపని?" అన్నాడు వడ్డె.

"నాదే" అంది పొజ్జే.

"ఈ ఎంటిక ఎవలది?"

"హిడ్మేది."

మాసా తల పట్టుకున్నాడు. అబద్ధమాడి ఉండవచ్చు ఆమె. ఎలుగుది అని ఉండవచ్చు. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఉందని ఆమెకు తోచలేదు, ఎందుకంటే చెప్పాల్సిన మనిషి మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఇది చేపల్ని పట్టేటందుకు. సావుకారి చెప్తే కట్టిన. ఎంటిక గూడ ఆయనే తెమ్మన్నడు. ఆడున్నడు గద, అడగండి."

అందరూ మంచం వైపు తిరిగారు. రేంజి సాయెబు కూడా వడ్డె చేతిలోని ఆకు వైపు మెడ సాచాడు. పసుపు మచ్చ ఈకలు ఎండలో మెరుస్తున్నాయి.

"క్యా చీజ్ హై యే, సేఠ్?" అని, అదేమిటో చెప్పమన్నాడు.

శ్రీరంగం ఆకువక్కల పెట్టె తెరిచింది అప్పుడే. "నాకేం తెలుసు" అన్నదీ అప్పుడే. ఇంకో మాట కూడా కలిపాడు. "ఈమె మా కొట్టుకు ఇప్పపువ్వు తెస్తది. అంతే."

చిల్లంగి చేసేవాళ్ల ముందు పళ్లు ఊడగొడితే మంత్రం నోట తిరగదని అక్కడి నమ్మకం. ఏటి ఒడ్డున గుండ్రాయితో ఆ పని చేశారు. తల గొరిగారు. ఆ జుట్టును మాత్రం జాగ్రత్తగా ఏరి కాల్చారు. మాసా అడ్డు రాలేదు, వెంటా రాలేదు. పొజ్జే తోంగ్‌పాల్ దాకా నడిచి, అక్కడ రోడ్డు పనిలో మట్టి మోసింది. నోటి చుట్టూ వాచిన ఆడమనిషిని చూసి అక్కడివాళ్లూ దూరం జరిగారు. ఏ ఊళ్లోనూ కుదురు దొరకక, చివరికి కోంటాకు వచ్చి కొట్టు వెనక నిలబడింది. ఆమెకు తెలిసిన గుమ్మం ఇంకేముంది?

సుశీలమ్మ గంజి పోసింది. శ్రీరంగం మనసు కరిగి, చింతపండు పాకలో ఒక మూల చూపించాడు. అలా అతనికి ఒక మంచి పనిమనిషి కలిసొచ్చింది. ఇంటికి పోతానని అనదు, పండుగకు పోతానని అనదు, ఆమెకు ఇల్లూ పండుగా లేకుండా చేసిందే అతను. పళ్లు లేవు గనక దారాన్ని కాలి బొటనవేలికి చుట్టుకుని బిగలాగడం నేర్చుకుంది. దారం కోసి కోసి ఆ వేలి మీద గాడి పడింది. ఈకలు కట్టేది. వెంట్రుక పని మాత్రం చేసేది కాదు. ఎలుగుదో మేకదో పొట్లం కట్టి ముందు పెడితే, పుల్లతో పక్కకు నెట్టేది.

ఆమె అడిగేది ఒకటే. "సావుకారీ, గూడెంకు వచ్చి ఆ మాట చెప్పు. ఒక్కసారి చెప్పు."

"పడవలు పోనీ, చెప్తా" అనేవాడు. పడవలు పోయాక, "ఈ సాయెబు బదిలీ కానీ." ఆ సాయెబు బదిలీ అయ్యాక కొత్త సాయెబు వచ్చాడు. అడవి ఉన్నన్నాళ్లూ సాయెబులు వస్తూనే ఉంటారు.

సుశీలమ్మ ఊరుకునేది కాదు. ఒక సాయంత్రం అతను ఏటి నుంచి వచ్చి, పిల్లచేప పడితే ముల్లు తీసి నీళ్లలో వదిలేశానని, అది పెద్దమనిషి పద్ధతని కూతురికి చెబుతుంటే, పాక వైపు చూసి అంది: "చిన్నచేపలంటే మీకు చాలా జాలి. మరి ఆమెనెప్పుడు వదుల్తారండీ?"

"నీకు యాపారం తెల్వదు" అన్నాడు శ్రీరంగం.

"సరదా అన్నారుగా" అంది సుశీలమ్మ.

అయినా రంగులు అద్దడం ఆమె మానలేదు. ఆ సంగతి కూడా రాయాలి.

గొరిగిన జుట్టు మళ్లీ మొలిచాక పొజ్జేకు ఒక అలవాటు వచ్చింది. దువ్వుకున్నప్పుడు ఒక్క వెంట్రుక నేల మీద పడనిచ్చేది కాదు. అన్నీ ఏరి పొయ్యిలో వేసి, పూర్తిగా కాలేదాకా అక్కడే కూర్చునేది. ఒకసారి సుశీలమ్మను అడిగింది.

"అమ్మా, మీ బిడ్డ పుట్టెంటికలు ఏడ పెట్టిన్రు?"

"భద్రాచలంలో దేవుడికిచ్చాం. ఎందుకే?"

"దేవుడు తీస్కుంటే ఏం గాదు." దారం అందుకుంటూ, "ఇనుముకు కట్టకూడదు" అంది.

"అదంతా వట్టి మాటే. పిల్ల జ్వరంతో పోయింది. నీకు తెలీదూ?"

పొజ్జే బొటనవేలికి దారం చుట్టుకుంది.

యుద్ధం వచ్చింది. ఓడలు సైనికులను మోశాయి గానీ ఈకలను మోయలేదు. యుద్ధం అయ్యాక దొరలే ఓడలెక్కి వెళ్లిపోసాగారు. రాజ్యమే ఉంటుందా పోతుందా అనుకుంటున్న రోజుల్లో అడవికోడి మెడల గురించి అడిగేవాడు లేడు, కొనేవాడూ లేడు. సుశీలమ్మ మంచాన పడింది. పోయే ముందు మొగుణ్ని పిలిచి, ఆ మాట చెప్పి రమ్మంది. భయపడడానికి ఏమీ మిగలలేదు గనక శ్రీరంగానికి ధైర్యం వచ్చింది.

ఎండలు ముదరకముందే బండి కట్టించాడు. దారిపొడుగునా అతనే మాట్లాడాడు. పొజ్జే చాప మీద కాళ్లు ముడుచుకుని, ఎడ్ల కొమ్ముల మధ్య నుంచి దారి చూస్తూ కూర్చుంది. గూడెంలో వడ్డె పోయి అతని కొడుకు వడ్డె అయ్యాడు. మాసా మరో ఆమెను తెచ్చుకున్నాడు, పిల్లలున్నారు, ఎడంగా నిలబడి చూశాడు. ఇప్పచెట్టు అలాగే ఉంది. ఆయతి ముసలిదై, కర్ర పట్టుకుని వచ్చి ముందు కూర్చుంది.

శ్రీరంగం ఏ లోటూ లేకుండా చెప్పాడు. ఈగ పెట్టె తెరిచి చూపించాడు. ఎలా కడతారో, ఎందుకు కడతారో, వెంట్రుక తానే ఎందుకు అడిగాడో, మడుగులో తానే ఎలా విసిరాడో, అన్నీ. కర్ర లేకుండానే చెయ్యి విదిలించి విసరడం కూడా చూపించాడు. పడుచువాళ్లు నవ్వారు. బాగా చెప్పాడు, ఆ మాటలు ముందు నుంచీ అతని దగ్గర సిద్ధంగానే ఉన్నాయి మరి.

ఆయతి పెట్టెలోంచి ఒక ఈగను తీసి, అరచేతిలో తిప్పి చూసింది. ముల్లు వేలికి గుచ్చుకుంటే తీసి, మళ్లీ పెట్టెలో పెట్టింది. చెయ్యి చాచి పొజ్జే మోకాలి మీద వేసింది.

"అట్లయితే నువ్వు నా పిల్లని తినలేదా, చెల్లే?" అంది. "చెప్పు. నువ్వు చెప్తే నమ్ముత."

ఇన్నాళ్లూ పొజ్జే అడిగింది ఇదే. గూడెమంతా ఆమె నోటి వైపు చూసింది. ఆమె పెదవులు లోపలికి మడిచి, ఆయతి చేతిని మోకాలి మీద నుంచి తీసి, మెల్లగా ఆమె ఒడిలోనే పెట్టింది. లేచి బండి దగ్గరికి నడిచింది. శ్రీరంగం పెట్టె మూసుకుని వెనకాలే వచ్చాడు.

"ఏందే, ఒక్క మాట చెప్పరాదా? చెప్పలేదని ఇన్నేండ్లు నన్ను తింటివి. ఇప్పుడు నేను చెప్పిన, ఆమె నమ్మింది. ఇంకేంది?"

పొజ్జే బండిలోంచి తన మూట తీసుకుంది. ఏటి వైపు దారి పట్టబోతూ ఆగింది. పళ్లు లేని నోట మాట మెత్తగా, గాలి కలిసి వచ్చింది.

"అప్పుడే చెప్పుంటే, పిల్లని తినలేదని నేను గూడ నమ్ముదును, సావుకారీ."